పెద్దబండి పాస్టరయ్య

హెన్రీ పాస్టరుకు కోపం రావడం తక్కువ. వచ్చినా ప్రార్థనలో కడిగేసుకునే మనిషి. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఆత్మకూరులో పెట్రోలు బంకు పక్కన నిలబడి, సంఘం తనకు కొనిచ్చిన పెద్దబండిని కాలితో ఒక్క తన్ను తన్నాడు. తన్ని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడలేదు. చూసినా నమ్మేవాళ్ళు కారు. ఆ బండి మీద ఆయన వస్తుంటే దారిలో జనం ఆగి దండం పెట్టే రోజులవి.

ఆ తన్ను వెనక సంగతి తెలియాలంటే ముందు చిన్నబండి గురించి చెప్పుకోవాలి.

హెన్రీ కాపురం ఆత్మకూరులో. భార్య కృపారాణి అక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరిలో నెలనెలా జీతం వచ్చేది ఆమెకే కాబట్టి కాపురం ఆమె బడి పక్కన పెట్టుకున్నారు. ఆయన సంఘం మాత్రం ఉదయగిరిలో. పోయి రావడానికి వంద కిలోమీటర్ల పైమాటే. ఆదివారం ఆరాధనకు ఒకసారి, గురువారం మరోసారి, మధ్యలో ఎవరికైనా జబ్బు చేస్తేనో, బిడ్డ పుడితేనో ఇంకోసారి. ఇంత దూరం ఆయన్ని పదేళ్ళు మోసింది ఒక వంద సీసీ పాతబండి. నెల్లూరులో ఎవరో వాడి వదిలేసింది కొన్నాడు. సీటు చిరిగితే గోనెపట్టా కుట్టించాడు. హారన్ ఎప్పుడో నోరు మూసుకుంది. కానీ లీటరు పోయిస్తే అరవై అయిదు కిలోమీటర్లు పేచీ పెట్టకుండా నడిచేది. చైను వదులైతే ఇంటి ముందు పీటేసుకుని తనే బిగించుకునేవాడు. పంక్చరైతే దుత్తలూరు సెంటర్లో ఎవరో ఒకరు వేసేవాళ్ళు, చేతిలో లేకపోతే వచ్చే వారం ఇమ్మనేవాళ్ళు. ఆ బండికి ఎంతవుతుందని ఆయన ఏనాడూ కూర్చుని ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

గురువారం ప్రయాణం హన్నమ్మ కోసం. ఉదయగిరి దాటి కొండ కిందికి పోతే బండకిందపల్లె అని నాలుగిళ్ళ పల్లె ఉంది. అక్కడ ఎనభై దాటిన హన్నమ్మ, కూలికి పోతూ ఆమెను చూసుకునే మనవరాలు సారా ఉంటారు. హన్నమ్మకు చూపు పోయి చాలా కాలమైంది. హెన్రీ కొత్తగా వచ్చిన ఏడు, సంఘం ఇంకా ఆయనకు పైసా ఇవ్వని రోజుల్లో, బియ్యమూ చింతపండూ మూటగట్టి పంపింది ఆమే. అందుకని గురువారం గురువారం వెళ్ళి, మంచం పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించేవాడు. ఆమె వింటూ వింటూ నిద్రపోయేది. లేచి, "ఆపినావా?" అని గదమాయించేది.

ఆమె ఆయన్ని అడిగింది ఒక్కటే. ఆమె మొగుడు వానల్లో పోయాడు. వాగు పొంగి అప్పటి పాస్టరు రాలేకపోయాడు. నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాళ్ళు లేకుండానే అతను పోయాడని ఆ ముసలామె నలభై ఏళ్ళుగా కుమిలిపోతోంది.

"నేను పొయ్యే పొద్దు నువ్వు నా పక్కన ఉండాల అయ్యా. నా నెత్తిన చెయ్యి పెట్టాల. ఇంకేం వద్దు నాకు," అనేది.

"ఉంటానవ్వా," అనేవాడు హెన్రీ. ఊరికే అన్న మాట కాదు. ఆ మాట నిలబెట్టుకోలేకపోతే తను పాస్టరు పనికి తగడని ఆయన మనసులో గట్టిగా ఉండేది.

ఇక కోత పండుగ. ఏడాదికోసారి విశ్వాసులంతా తమ మొదటి పంటలో కొంత గుడికి తెస్తారు. వడ్లు, సజ్జలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక గుడి ముందర వాటికి వేలం పాట. బజార్లో యాభై రూపాయలకు దొరికే గుమ్మడికాయ అక్కడ రెండు వేలు పలుకుతుంది. అది కాయ ధర కాదు, పాడినవాడి పరువు ధర. పాడి గెలుచుకున్నవాడు చాలాసార్లు ఆ కాయనో కోడినో తిరిగి పాస్టరు చేతిలోనే పెట్టి వెళ్తాడు. అదొక మర్యాద.

ఆ ఏడు పాట మంచి ఊపు మీద ఉన్నప్పుడు సంఘపెద్ద ఓబయ్యకు ఒక ఆలోచన వచ్చింది. పాడటానికి ఇంకేం మిగల్లేదు, చేతుల్లో డబ్బులు మాత్రం ఇంకా ఉన్నాయి.

"అయ్యగారి బండిని పాటలో పెడదామా?" అన్నాడు నవ్వుతూ.

అందరూ చప్పట్లు కొట్టారు. హెన్రీ కూడా నవ్వాడు. గెలిచినవాళ్ళు మర్యాద ప్రకారం తాళం తిరిగి తన చేతిలోనే పెడతారనీ, ఆ డబ్బుతో గుడికి రేకులు మార్చుకోవచ్చనీ అనుకున్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు.

పాట ఓబయ్యకూ రమేష్‌బాబుకూ మధ్య పడింది. రమేష్‌బాబు ఆ సంఘంలో పుట్టి పెరిగినవాడే. రోడ్డు కాంట్రాక్టులు చేసి పైకొచ్చాడు, ఆత్మకూరు దగ్గర కంకర మిషను పెట్టాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోయారు. చివరికి ఓబయ్య తువ్వాలు దులిపి కూర్చున్నాడు. రమేష్‌బాబు వచ్చి తాళం తీసుకున్నాడు, జేబులో వేసుకున్నాడు.

"దైవజనుడి బండి నా సైట్లో ఉంటే నా సైటుకు ఆశీర్వాదం," అన్నాడు మైకులో. "మన అయ్యగారు ఈ డొక్కు బండి మీద తిరగతా ఉంటే మనకే సిగ్గు. ఈ డబ్బుకి మీరంతా తలా ఇంత వెయ్యండి, తక్కువపడింది నేనేస్తా. క్రిస్మస్‌కి అయ్యగారు పెద్దబండి మీద రావాల!"

జనం హోరెత్తిపోయారు. తలా ఇంత వేశారు కూడా. బండకిందపల్లె నుంచి హన్నమ్మ ఒక నెల పింఛను మొత్తం సారా చేత పంపించింది. "పెద్దబండైతే అయ్యకు నడుము నొప్పి ఉండదు, బిరీన వస్తాడు" అని చెప్పమందట.

క్రిస్మస్‌కు బండి వచ్చింది. మూడువందల యాభై సీసీ, నల్లటి రంగు. ట్యాంకు మీద ఒక పక్క సంఘం పేరు, రెండో పక్క రమేష్‌బాబు కుటుంబం పేరు బంగారు రంగు అక్షరాల్లో రాయించారు. కాగితాలు కూడా సంఘం పేరు మీదే. మొదటి రోజు దాని మీద ఉదయగిరి రోడ్డెక్కినప్పుడు హెన్రీకి గర్వంగానే ఉంది. లేదంటే అబద్ధం. లారీవాళ్ళు కూడా పక్కకు తప్పుకుంటుంటే ఆయన ఛాతీ కాస్త ముందుకొచ్చింది. ఇంటికొచ్చి కృపారాణిని ఎక్కించుకుని అనుమసముద్రంపేట దాకా పోయి టీ తాగి వచ్చాడు.

నెల తిరిగేసరికి ఆ గర్వం దిగిపోయింది. కొండ కింద గుంతల రోడ్డులో ఆ బండి లీటరుకు ముప్పై ఇవ్వడమే గగనం. చిన్నబండి రెండు లీటర్లతో తిరిగొచ్చే దారికి ఇది నాలుగు లీటర్ల పైన తాగేది. లీటరు నూట పది రూపాయలు నడుస్తున్న రోజులు. ఆయిలు మార్చాలంటే నెల్లూరు షోరూముకు పోవాలి, పోవడానికి మళ్ళీ పెట్రోలు. దుత్తలూరు పంక్చరబ్బాయి చక్రం విప్పడానికి చేతులెత్తేశాడు. వెనక టైరు రేటు విని హెన్రీ తను తప్పు విన్నాననుకుని ఇంకోసారి అడిగాడు. ఇన్సూరెన్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. బండి కొనిచ్చినవాళ్ళెవరికీ అది రోజూ తాగుతుందన్న ఆలోచనే రాలేదు. ఆవును దానమిచ్చి గడ్డి సంగతి మర్చిపోయినట్టుంది వాళ్ళ వ్యవహారం.

"సంఘంలో చెప్పండి," అంది కృపారాణి ఒకరోజు. "పెట్రోలుకు చాలట్లేదని చెప్పడానికి ఏం? నా జీతంలో సగం ఆ ట్యాంకులోకే పోతోంది."

"అంత బండి ఇచ్చినాక ఇంకా అడుగుతాడేంది అనుకోరా?"

"అనుకుంటే అనుకోనీండి. మనం తినడం మానేస్తే వాళ్ళకేమైనా తెలుస్తుందా?"

హెన్రీ చెప్పలేదు. ఆయన మంచివాడే, కానీ ఆ మంచితనంలో సగం మొహమాటం. అది ఆయనకూ తెలుసు. చెప్పడానికి బదులు గురువారాలు తగ్గించాడు. మొదట వారం విడిచి వారం వెళ్ళాడు. తర్వాత నెలకోసారి. సారా ఫోను చేసినప్పుడల్లా "మీటింగులున్నాయమ్మా" అనేవాడు. మీటింగులు లేవు. ఇంట్లో కూర్చుని గోడ చూసేవాడు.

ఒక గురువారం ధైర్యం చేసి బండి ఇంట్లో పెట్టి బస్సెక్కాడు. ఉదయగిరి బస్టాండులో దిగుతుంటే ఎదురుగా ఓబయ్య.

"ఏందయ్యా ఇది? బస్సులో వచ్చినావు?" ఓబయ్య గొంతు అక్కడున్న అందరికీ వినిపించింది. "మేం అంతెత్తు బండి కొనిస్తిమి గదా! పాస్టరు బండి అమ్ముకున్నాడని ఊరు అనుకోదా? రమేష్‌బాబు వింటే ఏమనుకుంటాడు?"

"సర్వీసుకు ఇచ్చినాను ఓబయ్యా," అన్నాడు హెన్రీ. సంఘపెద్దతో ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ రోజు బండకిందపల్లె వెళ్ళకుండానే తిరుగు బస్సు ఎక్కేశాడు. మళ్ళీ ఎప్పుడూ బస్సెక్కలేదు.

తర్వాత ఒకసారి కంకర మిషను దగ్గరికి వెళ్ళాడు. రమేష్‌బాబును చిన్నబండి తిరిగి అడుగుదామని ఆయన ఉద్దేశం. రోజూ తిరగడానికి చిన్నది, పండగలకు పెద్దది అని చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. గేటులోనే చిన్నబండి కనిపించింది. తెల్లటి దుమ్ములో మునిగి ఉంది. రెండు పక్కలా నీళ్ళ క్యాన్లు వేలాడుతున్నాయి. పనివాడొకడు వచ్చి కిక్కు కొట్టాడు, ఒక్క కిక్కుకే అందుకుంది.

రమేష్‌బాబు ఎదురొచ్చి వందనాలు చెప్పాడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "బండి ఎట్టుండాది అయ్యా? రాజాలాగా ఉండారు దాని మీద. నిన్న మా నెల్లూరు ఇంజనీరు చూసి, ఎవరయ్యా ఆయన అని అడిగినాడు. మా పాస్టరని చెప్పినా."

ఆ మాట తర్వాత అడగడానికి హెన్రీకి నోరు రాలేదు. టీ తాగి, ప్రార్థన చేసి, వచ్చేశాడు. రానూపోనూ అయిన పెట్రోలు దండగ.

ఇక ఆ మధ్యాహ్నం. బడికి సెలవులిచ్చే ముందు రోజులు, కృపారాణి జీతం ఇంకా పడలేదు. సారా ఫోను చేసింది.

"అయ్యా, అవ్వ గంజి కూడా మింగట్లా. రెండు రోజులుగా మీ పేరే. ఆస్పత్రి నర్సమ్మ చూసి, ఇంక చెప్పలేమనింది. ఒక్కసారి రాండి అయ్యా."

"వస్తున్నానమ్మా," అన్నాడు. బండి తీశాడు. బంకు దగ్గరికి వచ్చి జేబు చూసుకున్నాడు. రెండు వందల యాభై ఉంది, ఫోనులో ఏమీ లేదు. బండి అప్పటికే రిజర్వులో ఉంది. ఆ డబ్బుకు బండకిందపల్లె చేరవచ్చేమో కానీ తిరిగి రాలేడు. అక్కడ చావుబతుకుల్లో ఉన్న ఇంట్లో సారాను పెట్రోలుకు అడగాలి. చిన్నబండైతే ఆ డబ్బుతో పోయి వచ్చి, దారిలో టీ కూడా తాగేవాడు. ఆ లెక్క తెగాకే ఆయన బండిని తన్నింది.

బస్టాండు అక్కడికి రెండు వీధుల అవతలే. ఉదయగిరి బస్సు ఉందని ఆయనకు తెలుసు. ఛార్జీకి డబ్బులు చాలుతాయనీ తెలుసు. ఓబయ్య గొంతూ గుర్తుంది. ఇంకొకటి కూడా ఉంది. మర్నాడు పొద్దున్నే ఆత్మకూరులో రమేష్‌బాబు కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన. పాస్టరు పెద్దబండి మీద రావాలనీ, ఫొటోలు తీయిస్తాననీ రమేష్‌బాబు ముందే చెప్పాడు. అది అయ్యాక కవరులో కానుక డబ్బు పెట్టి ఇస్తారు. ట్యాంకు నింపుకుని నేరుగా వెళ్ళవచ్చు. ఒక్క రాత్రే కదా, అవ్వ ఇంతకాలం ఆగింది, ఒక్క రాత్రి ఆగదా అనుకున్నాడు. సారాకు ఫోను చేసి, "రేపు పొద్దున్నే వస్తానమ్మా, అవ్వకు చెప్పు" అన్నాడు. ఇలాంటి నిర్ణయాలు పెద్ద పాపాల్లా కనిపించవు. అందుకే మనిషి వాటిని అంత తేలిగ్గా తీసుకుంటాడు.

పొద్దున్నే అన్న ప్రార్థన పొద్దున్నే మొదలు కాలేదు. నెల్లూరు నుంచి రావాల్సిన పెద్దమనుషుల కోసం ఆగమన్నారు. హెన్రీని ఇంటి ముందు బండి మీద కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ఆయన గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. రమేష్‌బాబు పక్కకు వచ్చినప్పుడు, "బాబూ, నేను తొందరగా పోవాల, హన్నమ్మవ్వకు బాగాలేదు" అన్నాడు.

"అయ్యో, పోదురు అయ్యా. పెద్దబండి గదా, ఎంతసేపు!" అన్నాడు రమేష్‌బాబు. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. అతనికి నిజంగా అలాగే అనిపించింది.

వాక్యం చెప్పి, ఇల్లంతా తిరిగి గదిగదికీ ప్రార్థన చేసి, భోజనానికి కూర్చోకుండా కవరు తీసుకుని బయటపడ్డాడు హెన్రీ. ప్రార్థన కోసం ఫోను మోగకుండా పెట్టుకున్నాడు. బంకులో ట్యాంకు నింపుతుండగా తీసి చూశాడు. సారా ఎన్నోసార్లు చేసింది. తిరిగి చేశాడు. ఎత్తింది ఆమె కాదు, పక్కింటి ఆవిడ.

"అవ్వ పోయిందయ్యా," అంది.

దుత్తలూరు దాకా ఆయనకు దారి తెలియలేదు. ట్యాంకు నిండుగా ఉంది. బండి రోడ్డు మీద తేలిపోతోంది. ఆ రోజు అది ఆయన్ని ఎంత తొందరగా చేర్చిందంటే, అంత తొందరగా ఎప్పుడూ చేర్చలేదు. ఉదయగిరి దాటాక రోడ్డు పక్కన ఆపి, హెల్మెటు తీయకుండానే ఏడ్చాడు.

ఇంటి ముందు హన్నమ్మను మంచం మీద పడుకోబెట్టారు. తెల్లచీర కట్టారు. ఓబయ్యతో పాటు ఉదయగిరి నుంచి పదిమంది వచ్చారు. హెన్రీ వెళ్ళి ఆ చల్లటి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. సారా చూసింది. తర్వాత పక్కింటి ఆవిడ చెప్పింది. ఆఖరి ఊపిరప్పుడు సారాయే అవ్వ నెత్తిన చెయ్యి పెట్టి, తనకు వచ్చిన నాలుగు మాటలతో ప్రార్థన చేసిందట.

పొద్దు వాలకముందే సమాధి చేశారు. మట్టి కప్పాక జనం ఒక్కొక్కరే కదిలారు. సారా మాత్రం అక్కడే కూర్చుంది. ఓబయ్య పక్కన నిలబడి ఉన్నాడు. హెన్రీకి ఇంక ఆపుకోవడం చేతకాలేదు.

"సారమ్మా," అన్నాడు. "నాకు మీటింగులు లేవు. ఇన్ని గురువారాలూ అబద్ధం చెప్పినాను. పెట్రోలుకు డబ్బుల్లేక రాలేదు. ఆ బండిని మేపలేకపోయినాను తల్లీ."

ఓబయ్య ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "అయ్యా, ఆ మాట ఇక్కడితో వదిలెయ్యి. నలుగురి చెవినా పడితే సంఘానికి తలవంపులు," అన్నాడు మెల్లగా. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సారా తలెత్తింది. ఆ ముఖంలో కోపం ఉంటుందనుకున్నాడు హెన్రీ. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అట్టనా అయ్యా?" అంది సారా. "మేం వేరే అనుకున్నాం. పెద్దబండి వచ్చినాక అయ్య పెద్దోళ్ళ గడపలే తొక్కతా ఉండాడని ఊరంతా అనింది. నేనూ అన్నాను అయ్యా, అవ్వ ముందే అన్నాను. అవ్వ నన్ను తిట్టింది. నా బిడ్డ అట్టాంటోడు కాదు, వాడికి ఏదో కష్టం వచ్చుండాది అనింది. పొద్దున మాట పడిపోయేముందు కూడా అదే అనింది. పెద్దోళ్ళ కోసం నన్ను వదిలిపెట్టడు, దారిలో ఉంటాడు అనింది."

పొద్దున తనెక్కడున్నాడో చెప్పడానికి హెన్రీ నోరు తెరిచాడు. సారా లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చేతులకు సమాధి మట్టి ఇంకా తడిగా ఉంది.

"మిమ్మల్ని అనుమానించినాను అయ్యా. పాపం చేసినాను. నన్ను మన్నించండి," అని ఏడ్చింది.

"మన్నించినానమ్మా," అన్నాడు హెన్రీ.